పేటెంటు పట్టా ఎవరి పేరున ఉంది?

మన ఊరికి ఎవరో వచ్చి "ఈ చేను నాది, కౌలు కట్టు" అంటే మనం ఏమంటాం? కాగితం చూపించమంటాం. పాస్‌బుక్కు ఉందా, పహాణీలో పేరు ఎక్కిందా, ఎవరి దగ్గర కొన్నావు, రిజిస్ట్రేషన్ ఎప్పుడయింది, మ్యుటేషన్ జరిగిందా అని నలుగురినీ పిలిచి అడుగుతాం. తెలంగాణలో పహాణీ అన్నా, ఆంధ్రలో అడంగల్ అన్నా అడిగే తీరు ఒకటే. కాగితం చూపించేదాకా పైసా ఇవ్వం.

అలాంటి మనమే పద్దెనిమిదేళ్ల పాటు విత్తనాల దుకాణంలో ఎవరికి కడుతున్నామో తెలియని కౌలు కట్టాం. పత్తి ప్యాకెట్ ధరలో కలిపి వసూలు చేసిన దానికి వాళ్లు ట్రెయిట్ ఫీజు అని పేరు పెట్టారు. తెలుగులో రాయల్టీ అన్నాం. ఆ డబ్బు దుకాణదారుడి దగ్గర ఆగలేదు, విత్తన కంపెనీ దగ్గరా ఆగలేదు. అది చేరిన చోటు మనలో ఎవరూ చూడలేదు. పేటెంటు ఉందన్నారు, కట్టాం. ఆ పేటెంటు ఎవరి పేరున ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంది, మధ్యలో ఎవరి చేతికి మారింది అని అడిగినవాళ్లు తక్కువ.

ఇకనైనా అడగాలి. ఎందుకంటే పత్తి అయిపోయింది, వరి వంతు వస్తోంది.

పేటెంటు కూడా ఒక పట్టాయే

పేటెంటు అనగానే అదేదో లాయర్లకూ శాస్త్రవేత్తలకూ మాత్రమే అర్థమయ్యే విషయమని మనల్ని దూరం పెడతారు. భూమి కాగితాలు చదవగలిగిన రైతుకు పేటెంటు కాగితం చదవటం కష్టం కాదు.

కొత్తది కనిపెట్టినవాడికి, దాన్ని ఇతరులు తన అనుమతి లేకుండా తయారు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కును ప్రభుత్వం కొంతకాలం ఇస్తుంది. మన 1970 పేటెంట్ల చట్టం ప్రకారం ఆ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. మధ్యలో ఏటా రుసుము కట్టకపోతే ముందే పోతుంది. ఇది ఏ దేశానికి ఆ దేశమే ఇచ్చే హక్కు. అమెరికాలో పేటెంటు ఉన్నంత మాత్రాన ఇండియాలో ఉన్నట్టు కాదు. పక్క ఊళ్లో పట్టా ఉన్నవాడు మన ఊళ్లో చేను అడగలేడు కదా, ఇదీ అంతే.

మొదటి హక్కుదారు కనిపెట్టిన మనిషి. కానీ ఆ మనిషి సాధారణంగా ఒక కంపెనీలోనో సంస్థలోనో జీతగాడు. కాబట్టి హక్కును కంపెనీ పేరున రాసిస్తాడు. దీన్ని అసైన్‌మెంట్ అంటారు. మన భాషలో రిజిస్ట్రీ చేసివ్వటం. నోటిమాటతో ఇది చెల్లదు, రాతపూర్వకంగా ఉండాలని చట్టంలో 68వ సెక్షన్ చెబుతోంది. కొన్నవాడు తన పేరు పేటెంట్ల రిజిస్టరులో ఎక్కించుకోవాలని 69వ సెక్షన్ చెబుతోంది. అలా ఎక్కించని కాగితాన్ని కంట్రోలర్ గానీ కోర్టు గానీ ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప హక్కుకు సాక్ష్యంగా తీసుకోరు. ఇదే మన మ్యుటేషన్.

ఇద్దరు ముగ్గురి పేరున ఉంటే అది ఉమ్మడి ఆస్తి. వేరే ఒప్పందం లేకపోతే అందరికీ సమాన వాటా. మిగతావాళ్ల ఒప్పుదల లేకుండా ఒకడు తన వాటా అమ్మలేడు, లైసెన్సూ ఇవ్వలేడు. లైసెన్సు అంటే కౌలు. పట్టా యజమాని దగ్గరే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం ఇంకొకరికి ఇస్తాడు. కౌలుదారు తిరిగి చిల్లర కౌలుకు ఇచ్చినట్టు సబ్‌లైసెన్సు కూడా ఇవ్వచ్చు. గడువు తీరాక ఆ చేను ఊరుమ్మడి అవుతుంది, ఎవరైనా దున్నుకోవచ్చు.

ఈ రిజిస్టరు రహస్యం కాదు. ఎవరైనా చూడవచ్చని చట్టమే చెబుతోంది. మన రెండు రాష్ట్రాలకూ పేటెంటు కార్యాలయం చెన్నైలో ఉంది. అక్కడిదాకా వెళ్లక్కర్లేదు, పేటెంటు కార్యాలయం వెబ్‌సైట్‌లో నెంబరు కొడితే ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పటిదాకానో ఉచితంగా కనిపిస్తుంది. చదువుకున్న మన పిల్లలు ఫోన్లో పది నిమిషాల్లో చూసి చెప్పగలరు. చూడటానికి నెంబరు కావాలి. ఆ నెంబరును విత్తన ప్యాకెట్ మీద మనకు ఎవరూ వేసి ఇవ్వలేదు. తిరకాసంతా అక్కడే ఉంది.

లేని పట్టాకు కట్టిన కౌలు

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. మొదట వచ్చినవి మహికో కంపెనీ సంకర రకాలు మూడు. వాటిలో పెట్టిన జన్యువు మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవిది. ఆ సూక్ష్మజీవిని 1901లో జపాన్‌లో గుర్తించారు. 1915లో జర్మనీలో దానికి పేరు పెట్టారు. దాని జన్యువును పత్తిలోకి ఎక్కించి బోల్‌గార్డ్ అని పేరు పెట్టింది అమెరికా కంపెనీ మోన్‌శాంటో. మహికోతో సగం సగం వాటాతో మహికో మోన్‌శాంటో బయోటెక్ అనే ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. విత్తన కంపెనీలకు సబ్‌లైసెన్సులు ఇచ్చి రుసుము వసూలు చేసింది ఈ కంపెనీయే.

2005 నాటికి 450 గ్రాముల ప్యాకెట్ 1600 రూపాయల పైనే ఉండేది. అందులో సుమారు 1250 రూపాయలు ఒక్క ఆ రుసుమే. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు రైతులు వడ్డీకి తెచ్చి కట్టారు.

మనలో చాలామందికి ఇప్పటికీ తెలియని సంగతి ఒకటుంది. బోల్‌గార్డ్-1 జన్యువుకు మన దేశంలో పేటెంటు లేదు. పట్టా లేని చేనుకు కౌలు వసూలు చేశారు. అది ఎలా సాధ్యమయింది? ఒప్పందం ద్వారా. జన్యువున్న విత్తనం వాళ్ల చేతిలో ఉంది. అది కావాలంటే విత్తన కంపెనీ వాళ్ల కాగితం మీద సంతకం పెట్టాలి. కంపెనీ సంతకం పెట్టి భారాన్ని ప్యాకెట్ ధరలో వేసి మన మీదికి తోసింది. చట్టం ఇచ్చిన హక్కు లేకపోయినా మార్కెట్‌లో పోటీ లేనప్పుడు పని జరిగిపోతుంది. మనం మాత్రం అదంతా పేటెంటు సొమ్మే అనుకున్నాం.

రైతు సంఘాల ఒత్తిడి పెరిగాక 2006 జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాలను విచారించే ఎమ్మార్టీపీ కమిషన్‌కు వెళ్లింది. అప్పటికి రుసుము 900 రూపాయలు. అంత వసూలు చేయవద్దని, చైనా వంటి దేశాల్లో మాతృ సంస్థ తీసుకుంటున్న తీరులో సమంజసమైన రుసుము నిర్ణయించాలని 2006 మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్ ధర 750 రూపాయలకు దించింది. 2007లో పత్తి విత్తనాల ధరల నియంత్రణకు రాష్ట్రం చట్టమే చేసింది. అంతకుముందు ఏడాది వరకు 1600 రూపాయల కంటే ఒక్క రూపాయి తగ్గినా వ్యాపారం మూతపడుతుందన్న కంపెనీలు 750కీ అమ్మాయి. ఏ కంపెనీ మూతపడలేదు. మరి అంతకుముందు మన దగ్గర ఎక్కువ తీసుకున్నదాని సంగతి? ఒక్క రూపాయి తిరిగి రాలేదు.

నాలుగు అంతస్తుల మేడ

రెండు జన్యువులతో బోల్‌గార్డ్-2 మార్కెట్‌లోకి వచ్చింది 2006లో. దీనికి సంబంధించి మాత్రం పేటెంటు ఉంది. నెంబరు 214436. దరఖాస్తు 1999 నవంబరు నాటిది, మంజూరైంది 2008లో, గడువు తీరింది 2019 నవంబరులో. రుసుము మాత్రం విత్తనం వచ్చిన రోజు నుంచే మొదలయింది.

ఈ పేటెంటు ఎవరి పేరున ఉంది? మన ఊళ్లో గోడల మీద బొమ్మలు వేసిన కంపెనీల పేరున కాదు. అమెరికాలోని మోన్‌శాంటో టెక్నాలజీ అనే సంస్థ పేరున. దాని కింద లైసెన్సు తీసుకున్నది మహికో మోన్‌శాంటో బయోటెక్. దాని కింద సబ్‌లైసెన్సులతో నలభైకి పైగా దేశీ విత్తన కంపెనీలు. అన్నిటికన్నా కింద మనం. పైన ఉన్న మూడు అంతస్తుల వాళ్లూ ఒకరితో ఒకరు సంతకాలు చేసుకున్నారు. నాలుగో అంతస్తులో ఉండి డబ్బు కట్టినవాడి సంతకం ఏ కాగితం మీదా లేదు. అతనికి ఏ కాగితమూ చూపలేదు.

ఇంతలో 2018 జూన్‌లో జర్మనీ కంపెనీ బేయర్ మోన్‌శాంటోను సుమారు 6,300 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇక్కడ యాజమాన్యం మారే రెండో పద్ధతిని గమనించాలి. మొదటిది చేను అమ్మటం: రిజిస్టరులో పేరు మారుతుంది, చూస్తే తెలుస్తుంది. రెండోది చేను అలాగే ఉంచి, చేనున్న దొర ఇంటినే మొత్తంగా కొనేయటం. పట్టాలో పేరు మారదు. పెత్తనం మాత్రం వేరే దేశానికి పోతుంది. రిజిస్టరులో పాత పేరే చూసి రైతు ఏమీ జరగలేదనుకుంటాడు.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. 2017లోనే డౌ, డుపాంట్ కలిసిపోయాయి. వాటి విత్తనాలు, పురుగుమందుల భాగం విడిపోయి 2019లో కోర్టెవా అయింది. అదే 2017లో సింజెంటాను చైనా ప్రభుత్వ కంపెనీ కెమ్‌చైనా కొన్నది. రెండు మూడేళ్లలో ప్రపంచ విత్తన వ్యాపారంలో పెద్ద పేర్లన్నీ చేతులు మారాయి. వాటితోపాటే వేల పేటెంట్లు చేతులు మారాయి. ఎకరం చేను అమ్మితే ఊరంతా తెలుస్తుంది. ప్రపంచం తినే గింజ మీది హక్కులు అమ్ముడుపోతే పత్రికల్లో వ్యాపారం పేజీలో ఒక మూలకు వచ్చింది.

తీర్పు రాకుండానే ముగిసిన కేసు

అసలు మొక్కలోకి పోయిన జన్యువు మీద మన దేశంలో పేటెంటు చెల్లుతుందా? మన చట్టం 3వ సెక్షన్ జె క్లాజు స్పష్టంగా ఉంది. మొక్కలు, వాటి భాగాలు, విత్తనాలు, వంగడాలు పేటెంటుకు అర్హం కావు. రాయల్టీ తగాదాతో మోన్‌శాంటోకూ నూజివీడు సీడ్స్‌కూ మధ్య మొదలయిన వ్యాజ్యంలో ఈ ప్రశ్న కోర్టుకు వచ్చింది. 2018 ఏప్రిల్ 11న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఈ క్లాజు కిందనే ఆ పేటెంటును రద్దు చేసింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలు తీసుకుని పూర్తి విచారణ చేయమని కేసును కింది కోర్టుకు పంపింది. విచారణ తేలకముందే ఆ నవంబరులో పేటెంటు గడువు తీరింది. 2021 మార్చిలో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి.

వాళ్లిద్దరి తగాదా తీరింది. మన ప్రశ్న తీరలేదు. అది తేలకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం. ఇండియానా రాష్ట్రంలో వెర్నన్ బౌమన్ అనే సోయా రైతు ధాన్యం గోదాములో కొన్న గింజలను విత్తనంగా వేసి, వచ్చిన పంటలోంచి మళ్లీ విత్తనం దాచుకున్నాడు. ఆ గింజల్లో మోన్‌శాంటో జన్యువు ఉంది. 2013 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. నష్టపరిహారం 84 వేల డాలర్ల పైమాటే. గింజ కొన్నది రైతే అయినా, దాని లోపలి జన్యువు మీది హక్కు కంపెనీదేనని, దాన్ని విత్తి కొత్త గింజలు పండించటం నకలు తీయటమేనని ఆ తీర్పు సారం. మన 3(జె) క్లాజును నీరుగారిస్తే మన గతీ అదే.

మన దేశంలో వంగడాల రక్షణకు వేరే చట్టం ఉంది. 2001లో చేసిన ఆ చట్టం 39వ సెక్షన్ రైతుకు విత్తనం దాచుకునే, విత్తుకునే, మార్చుకునే, బ్రాండు వేయకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. పోరాడి సాధించుకున్న హక్కు ఇది. అయినా 2019 ఏప్రిల్‌లో పెప్సికో తన బంగాళాదుంప వంగడాన్ని సాగు చేశారంటూ గుజరాత్ రైతుల మీద కేసులు వేసింది. నలుగురిలో ఒక్కొక్కరి మీద కోటీ అయిదు లక్షల దావా. దేశమంతా గొడవయ్యాక మే నెలలో వెనక్కి తీసుకుంది. తరవాత కవిత కురుగంటి వేసిన పిటిషన్ మీద 2021 డిసెంబరులో ఆ వంగడం నమోదునే అధికార సంస్థ రద్దు చేసింది. దాన్ని తయారు చేసిన శాస్త్రవేత్త నుంచి హక్కు కంపెనీకి దఖలు పడిన కాగితాలు సరిగా లేవన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ రద్దును కొట్టివేసింది. చివరికి ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టండి. కోటి రూపాయలకు రైతు మీద దావా వేసేటప్పుడు ఎంతో ధైర్యంగా కనిపించిన హక్కు, కాగితం చూపించమని అడిగేసరికి ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. అడగటంలో ఉన్న బలం అది.

హక్కు వెళ్లింది, బాకీ ఆగింది

మనలో ఎవరైనా పొలం కొంటే ముందు ఈసీ తీయిస్తాం. దాని మీద తాకట్టు ఉందా, బ్యాంకు అప్పు ఉందా అని చూస్తాం. ఉంటే అది పొలంతోపాటే మన మెడకు చుట్టుకుంటుంది. పేటెంటు అమ్మకంలో అలాంటిది లేదు. పేటెంటు ఒక్కదాన్నీ కొన్నవాడికి రాయల్టీ వసూలు చేసే హక్కు వస్తుంది. ఆ విత్తనం వల్ల పాత యజమాని హయాంలో నష్టపోయిన రైతు బాకీ మాత్రం, ఒప్పందంలో రాసుకుంటే తప్ప, అతని వెంట రాదు. మొత్తం కంపెనీనే కొన్నప్పుడు బాధ్యతలు కాగితం మీద ఆ కంపెనీలోనే ఉంటాయి. కానీ వరంగల్ రైతు ఏ దేశం కోర్టులో ఎవరి తలుపు తట్టాలి?

2004 సీజన్‌లో వరంగల్ జిల్లాలో బీటీ పత్తి దెబ్బతిని రైతులు రోడ్డెక్కారు. పరిహారం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం మహికోను అడిగింది. కంపెనీ ఒప్పుకోలేదు. 2005లో ఆ మూడు రకాలకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. రుసుము మాత్రం వేరే రకాల మీద వస్తూనే ఉంది.

2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-1ను తట్టుకుంటోందని మోన్‌శాంటోనే ప్రకటించింది. బోల్‌గార్డ్-2 కొనండి అంది. కొన్నేళ్లకే ఆ పురుగు దాన్నీ తట్టుకుంది. మన రెండు రాష్ట్రాల్లో గుడ్డిపత్తి ఏరి, మందులు కొట్టి కొట్టి అలసిపోయిన సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పురుగును ఆపుతుందని పుచ్చుకున్న రుసుము, పురుగు ఆగకపోయినా ఆగలేదు. కేంద్రం 2015 డిసెంబరులో ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2016లో దాన్ని 49 రూపాయలకు, తరవాత 39కి, 20కి తగ్గించింది. 2020లో సున్నా చేసింది. అప్పటికి పేటెంటు గడువూ తీరింది, విత్తనం పదునూ పోయింది. పదునున్నన్నాళ్లు వాళ్లది, మొద్దుబారాక ఊరుమ్మడిది.

ప్రజల సొమ్ముతో పుట్టిన హక్కు కూడా ఎలా జారిపోతుందో టెర్మినేటర్ కథ చెబుతుంది. పంట గింజ మళ్లీ మొలవకుండా చేసే ఆ పద్ధతికి 1998 మార్చిలో అమెరికాలో పేటెంటు వచ్చింది. అది ఉమ్మడి ఆస్తి. ఒక వాటాదారు డెల్టా అండ్ పైన్ లాండ్ అనే పత్తి విత్తన కంపెనీ, రెండో వాటాదారు అమెరికా వ్యవసాయ శాఖ. ప్రపంచమంతా రైతులు తిరగబడ్డారు. దాన్ని మార్కెట్‌లోకి తేనని 1999లో మోన్‌శాంటో మాట ఇచ్చింది. 2007లో ఆ పత్తి కంపెనీనే కొనేసింది. అంటే వాడనని మాట ఇచ్చినవాడి చేతికే ఆ వాటా చేరింది. ఆ కంపెనీ ఇప్పుడు బేయర్ చేతిలో ఉంది. మాట ఇచ్చినవాడు మారిపోయాడు. ఇచ్చిన మాట ఏ రిజిస్టరులో ఎక్కింది? మనకు రక్షణగా మిగిలింది ఆ మాట కాదు. అలాంటి సాంకేతికత ఉన్న వంగడాన్ని నమోదు చేయరాదని మన 2001 చట్టంలో 29వ సెక్షన్‌లో రాయించుకున్న వాక్యం.

ఇప్పుడు మన సాంబ మసూరి

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ తయారు చేసిన కమల. దాని తల్లి మన బాపట్ల సాంబ మసూరి, బీపీటీ 5204. రెండోది ఢిల్లీ పూసా సంస్థది. దాని తల్లి మన మారుటేరు కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1010. రెండు తల్లి రకాలూ ప్రజల సొమ్ముతో, మన నేల మీద, మన శాస్త్రవేత్తలు తయారు చేసినవి. వాటిని కాపాడి, పొలం నుంచి పొలానికి మోసి, దేశమంతా పాకించింది రైతులు.

మన శాస్త్రవేత్తల కృషి మీద మాకు గౌరవం ఉంది. ప్రభుత్వ సంస్థ విత్తనం తయారు చేయటాన్ని మేము స్వాగతిస్తాం కూడా. కానీ జన్యువును కత్తిరించటానికి వాడిన క్రిస్పర్-కాస్9 అనే కత్తెర మీద విదేశాల్లో పేటెంట్లు ఉన్నాయి. అవి ఎవరివన్న దాని మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పక్షానికీ బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కూ మధ్య ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. వ్యవసాయంలో వాడకానికి లైసెన్సులు ఇవ్వటానికి 2017లో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ డుపాంట్ పయనీర్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ పయనీర్ ఇప్పుడు కోర్టెవాలో ఉంది. చూశారా, మళ్లీ అదే మేడ, అవే అంతస్తులు.

పరిశోధన కోసం పేటెంటు ఉన్నదాన్ని వాడుకోవటానికి మన చట్టం ఒప్పుకుంటుంది. విత్తనం అమ్మకానికి వచ్చినప్పుడు ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి సూటిగా అడుగుతున్నాం. కమల విత్తనం రైతు చేతికి వచ్చేసరికి ఎవరికైనా రుసుము కట్టాలా? కడితే ఎవరు కడతారు, ఎంత కడతారు, ఎన్నాళ్లు? లైసెన్సు ఇచ్చినవాడు రేపు ఇంకొకడికి అమ్ముడుపోతే షరతులు మారతాయా? సాంబ మసూరి వారసత్వం మీద ఏదైనా కొత్త హక్కు నమోదయితే అది ఎవరి పేరున? ఈ సమాధానాలు విత్తనం చల్లకముందు కావాలి. పత్తిలో లాగా ఇరవై ఏళ్ల తరవాత అక్కర్లేదు.

కంపెనీల మాట, మా మాట

కంపెనీలు అంటాయి: పరిశోధనకు వేల కోట్లు పెడతాం, పేటెంటు లేకపోతే కొత్త విత్తనం రాదు. సాంబ మసూరి 1986లో ఏ పేటెంటు ఆశతో వచ్చింది? తెలుగు నేల కడుపు నింపిన వరి రకాలన్నీ ఏ పేటెంటు కింద వచ్చాయి? అయినా కష్టానికి ఫలితం ఉండకూడదని మేము అనటం లేదు. కష్టపడింది ఎవరో, ఫలితం ఎవరికి పోతోందో కాగితం మీద చూపమంటున్నాం. మోన్‌శాంటో పెట్టిన పరిశోధన ఖర్చు బేయర్‌ది కాదు. బేయర్ పెట్టినది కొనుగోలు ఖర్చు. కొన్న ధరను రాబట్టుకోవటానికి రైతు మీద రుసుము వేయటాన్ని పరిశోధన అనరు.

యజమాని ఎవరైతే రైతుకెందుకు, ప్రభుత్వం ధర నియంత్రిస్తోంది కదా అంటారు. నియంత్రణ ఉన్నది పత్తికి. అది కూడా సంఘాలు కొట్లాడితే వచ్చింది. మొక్కజొన్న, మిరప, కూరగాయల విత్తనాలకు ఏది? నిన్న ఉత్తర్వుతో వచ్చిన నియంత్రణ రేపు ఇంకో ఉత్తర్వుతో పోవచ్చు.

2024 మార్చిలో కేంద్రం పేటెంటు నియమాలు మార్చింది. పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కు మన చట్టంలో ఉంది. ఆ అభ్యంతరానికి ఇప్పుడు రుసుము పెట్టారు, విచారణకు అర్హమో కాదో ముందే తేల్చే గడప పెట్టారు. పేటెంటును దేశంలో నిజంగా వాడుతున్నారా లేదా అని యజమాని ఏటా ఇవ్వాల్సిన లెక్కను మూడేళ్లకు ఒకసారి చేశారు. కంపెనీలకు తలుపులు వెడల్పయ్యాయి, మనకు కిటికీలు ఇరుకయ్యాయి.

మనం అడిగేవి

ఒకటి. పేటెంటు పేరున ఒక్క రూపాయి కలిపినా ప్యాకెట్ మీద పేటెంటు నెంబరు, యజమాని పేరు, గడువు తేదీ, రుసుము ఎంతో తెలుగులో ముద్రించాలి. 2025 నవంబరులో కేంద్రం బయటపెట్టిన ముసాయిదా విత్తన బిల్లులో ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉండాలన్నారు. ఆ కోడ్‌లో ఈ వివరాలు లేకపోతే అది కంపెనీల సరుకు లెక్కకే పనికొస్తుంది.

రెండు. విత్తనాలకు సంబంధించిన పేటెంటు గానీ, అది ఉన్న కంపెనీ గానీ చేతులు మారితే రాష్ట్ర వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. శాఖ దాన్ని బహిరంగంగా ప్రకటించాలి.

మూడు. హక్కు కొన్నవాడే పరిహారం బాకీకీ బాధ్యుడు కావాలి. ఇది విత్తన చట్టంలోనే ఉండాలి.

నాలుగు. ప్రజల సొమ్ముతో తయారైన వంగడాలు, జన్యువుల మీద హక్కులను ప్రైవేటు కంపెనీలకు రాసివ్వరాదు. కమల, పూసా వరి రకాల లైసెన్సు పత్రాలు బయటపెట్టాలి.

అయిదు. 3(జె) క్లాజును, రైతు విత్తన హక్కును ఏ వాణిజ్య ఒప్పందంలోనూ తాకట్టు పెట్టరాదు.

ఈ పని మన గ్రామ శాఖల నుంచే మొదలు కావాలి. ఈ సీజన్‌లో ప్రతి శాఖ తమ ఊళ్లో అమ్ముడయ్యే విత్తన ప్యాకెట్లను ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఏ ప్యాకెట్ మీద ఏముంది, ఏది లేదు రాసుకోవాలి. బిల్లు లేకుండా కొనవద్దు, ప్యాకెట్ పారేయవద్దు. దుకాణదారుడితో తగాదా వద్దు, అతనికీ తెలియదు. కంపెనీ ప్రతినిధి ఊరికి వచ్చినప్పుడు రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి మర్యాదగా ఒక్క ప్రశ్న వేయండి: "అయ్యా, దీని పట్టా ఎవరి పేరున ఉంది?" అతను చెప్పలేకపోతే ఆ సంగతి రాసి మండల వ్యవసాయ అధికారికి అర్జీ ఇవ్వండి, ఒక కాపీ సంఘానికి పంపండి. వచ్చిన అర్జీలన్నీ కట్టగా కట్టి రెండు రాష్ట్రాల వ్యవసాయ మంత్రుల ముందు పెడతాం.

సెంటు భూమికి కాగితం లేకుండా కౌలు కట్టని వాళ్లం, గింజకు మాత్రం ఎందుకు కట్టాలి?